మోచేతి కొలత

గన్‌ఫౌండ్రీ సందులో
రబ్బరు స్టాంపులు చెక్కే గది పక్కన
బోర్డు మీది అక్షరాలు సగం రాలిపోయిన తుపాకుల దుకాణం.
ఖుద్దూస్ సాబ్ కళ్ళద్దాలు నుదుటికెక్కించి
గోడ మీది తుపాకుల్ని కాదు,
మా అవని భుజాల్ని చూశాడు.
"ఎన్నేండ్లు?"
పదమూడు అని నేను చెప్పబోతే
చెయ్యి అడ్డం పెట్టాడు.
"పాపనే చెప్పనియ్యమ్మా. మోసేది ఆమెనే గద."

మా నాయినకొక రైఫిల్ ఉండేది.
వేట బందయిన ఏడు నుంచి
అది మేకుకు వేలాడే ముసలి చుట్టం.
ఎలక్షన్లొచ్చినప్పుడల్లా ఠాణాకు పోయి
ఓట్ల లెక్క తేలినాక
రశీదు చూపిస్తే ఇంటికొచ్చేది.
దసరా నాడు దానికి బొట్టు పెట్టేది నేను.
గంధం, కుంకుమ, ఒక్క బంతి రేక.
బొట్టు పెట్టడానికి వంగొచ్చు. ఎత్తకూడదు.
"నీకెందుకే" అన్న మాట
మా ఇంట్లో నూనె రాసిన గొళ్ళెం,
చప్పుడు లేకుండా పడేది.
తమ్ముడు దాన్నెత్తుకుని ఫోటో దిగాడు.
ఏడేండ్లవాడు, వాడికన్నా అదే పొడుగు.
ఫోటో అంచున, గొట్టం కింద
ఎవరివో రెండు వేళ్ళు కనిపిస్తాయి,
అది పడిపోకుండా.
నావే.

అవని నల్లదాన్ని అడిగింది,
దుర్బిణీ బిగించినది, సినిమాలో లాంటిది.
సాబ్ కాదనలేదు.
"ముందు ఖాళీగున్నదో లేదో చూడు.
నేను చూసిన. అయినా నువ్వు చూడు.
మీ అత్త చూసినా, ఖుదా చూసినా
నువ్వు చూడు."
చూసింది. గొట్టం గోడకు తిప్పి ఎత్తింది.
ఆయన లోపలికి కేకేసి చాయ్ చెప్పాడు.
చాయ్ వచ్చేసరికి
గోడ మీది క్యాలెండర్ నుంచి జారిన గురి
బీరువా తాళంకప్పను చూస్తోంది.
"బేటీ, నువ్వు దాన్ని పట్టుకోలే.
అదే నిన్ను పట్టుకున్నది."

కింది అరలోంచి ఇంకొకటి తీశాడు.
కట్టెది. ఎవరో వాడి అమ్మిన గాలి తుపాకీ,
చెంప ఆనే చోట వార్నిష్ పోయి
రోకలి నడుములా నునుపుదేలింది.
మడమను ఆమె మోచేతి మడతలో ఆనించి
వేలు చాపమన్నాడు.
చూపుడువేలి మొదటి కణుపు
ట్రిగ్గర్ మీద వచ్చి ఆగింది,
చీకట్లో గుండీకి కాజా దొరికినట్టు.

"ఏడాదికి పెరుగుతది కద సాబ్,
కొంచెం పెద్దది..."
"స్కూలు యూనిఫాం కాదమ్మా,
వదులుగ కొని మడిచి కుట్టుకోనీకి."

తర్వాత అవనినడిగాడు,
"దేన్ని కొడ్తవ్?"
"కాగితాన్ని. మధ్యల చుక్కను."
"పావురాలు మస్తున్నయి మా మేడ మీద."
ఎప్పటి నుంచుందో, కిటికీ చువ్వల మధ్య ఒకటి
మెడ వాల్చి మమ్మల్నే చూస్తోంది.
అవని దాన్ని చూసింది.
ట్రిగ్గర్ మీంచి వేలు తీసి
తుపాకీని బల్ల మీద మెల్లగా పడుకోబెట్టింది,
నిద్రపోయే పిల్లను చాప మీదికి దించినట్టు.
అప్పుడు తీశాడు సాబ్ బిల్లు పుస్తకం.

పాప పేరు చెల్లదట. పెద్దవాళ్ళది కావాలి.
ఆధార్ జిరాక్సు ఇచ్చి
నా పేరు చెప్పాను. చంద్రకళ.
ఆయన రాసేశాక కూడా
ఇంకోసారి చెప్పాను.

బయట సన్నగా వాన.
పొడుగు సంచి చూసి ఆటో అతను,
"ఏందమ్మా అది?"
"వీణ," అన్నాను.
"ఇంత సన్నగున్నదేంది?"
"ఇంకా నేర్చుకుంటోంది," అన్నాను.
బషీర్‌బాగ్ ఫ్లైఓవర్ దాకా
ముఖాలు చెరోవైపు తిప్పుకుని నవ్వాం.

సంచి అవని ఒళ్ళో.
గొట్టం కొస దగ్గర, ఎప్పుడు పోయాయో,
నా రెండు వేళ్ళు.
ట్యాంక్‌బండ్ మలుపులో
తీసేశాను.

పడలేదు.